నోటితో తీసిన ఫోటో

పోయిన నెల పాప మా ఇంటికి వచ్చింది. పాప అంటే ఇరవై ఆరేళ్ళ మనిషి, ఏడో నెల కడుపుతో ఉంది. అయినా మాకు పాపే. వాళ్ళాయన మంగళగిరి కొండ కింద నిలబెట్టి, కడుపు మీద చేతులు వేయించి, ఫోన్లో డెబ్బై ఎనభై ఫోటోలు తీశాడట. అన్నీ వరసగా చూపించింది. నేను "ఇది బాగుందే, ఇదీ బాగుంది" అంటూ చూశాను. అయిపోయాక ఫోను బోర్లా పెట్టి, "అక్కా, అమ్మ ఒళ్ళో నేనున్న ఫోటో ఒక్కటన్నా నీ దగ్గరుందా?" అంది.

లేదు. నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు. ఎందుకు లేదో తెలిసిన వాళ్ళం ఇద్దరమే. ఒకరు మా అమ్మమ్మ. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. రెండో మనిషిని నేను.

పాప వాళ్ళమ్మ మా అమ్మకి చెల్లెలు, నాకు పిన్ని. ఇంట్లో ఆవిడని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు. తాతయ్యకి చిన్నమ్మాయి, అమ్మమ్మకి "ఏమే", బాబాయికి "ఇదిగో". ఆ పేరు ఇక్కడ రాసినా నాకే ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది. పిన్ని అనే రాస్తాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఎండాకాలం. నాకు పదేళ్ళు. బడికి సెలవులివ్వగానే అమ్మ నన్ను అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో దింపింది. చిలకలూరిపేట నుంచి ఆటోలో అరగంట. అదే వారంలో పిన్ని కూడా వచ్చింది, రెండున్నరేళ్ళ పాపని చంకనేసుకుని, మళ్ళీ ఐదో నెలతో. బాబాయి పిడుగురాళ్ళలో ఒక సున్నపు బట్టీ దగ్గర గుమాస్తా. ఆ దుమ్ము పడక తొందరగా పుట్టింటికి వచ్చేశానని అందరికీ చెప్పింది. నాతో మాత్రం వేరేగా చెప్పింది. "అక్కడ చెట్టు తెలుపు, గేదె తెలుపు, మీ బాబాయి మీసం కూడా తెలుపేనే. రంగు చూసి ఎన్నాళ్ళయిందో."

రంగుకేం, మా వైపు ఏప్రిల్లో కావలసినంత. ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. పిన్ని ఆటో దిగి, తాతయ్య కళ్ళం ముందు కదలకుండా నిలబడిపోయింది. ఘాటుకి పాప దగ్గుతోంది. "ఏందమ్మా, పిల్ల దగ్గుతుంటే? పద ఇంటికి" అన్నాడు తాతయ్య. "ఒక్క నిమిషం నాన్నా" అంది. మెళ్ళో ఒక నల్ల తోలు సంచి వేలాడుతోంది. మందుల సంచి అనుకున్నాను. కెమెరా అది. బాబాయి గుంటూరులో ఎవరి దగ్గరో పాతది కొనిచ్చాడు. పుట్టింటికి వెళ్తున్నావుగా, ఏం కావాలో అడుగు అంటే ఇది అడిగిందట. అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది.

వచ్చిన పది రోజుల దాకా అందులో రీలు లేదు. ఖాళీ కెమెరాతోనే తిరిగింది. నాకు, పక్కింటి ఆడపిల్లలకి కూడా చేతికిచ్చి నేర్పింది. ఎలా పట్టుకోవాలి, ఊపిరి ఎలా బిగబట్టాలి, ఎండ వీపు వెనక ఉండాలని. మీట నొక్కే పని లేదు. "ముందు కళ్ళతో తియ్యాలే. అది వచ్చాకే రీలు" అనేది. కళ్ళతో తీసినప్పుడు నాలుక అంగిటికి తగిలించి టక్ మనాలి. నాకది అచ్చం కెమెరాలాగే వచ్చేది. కాకపోతే దానికి ఒక షరతుంది. టక్ మన్నవాళ్ళు వెంటనే కళ్ళు మూసుకుని ఫోటోలో ఏమేం పడ్డాయో చెప్పాలి. "నోటితో తీసిన ఫోటో నోటితోనే చూపించాలి" అనేది. నేను తీసిన మొదటి ఫోటోలో తాతయ్యని చెప్పి, ఆయన చెవిలో చుట్ట చెప్పడం మరిచిపోయాను. "ఫెయిల్. ఆ చుట్ట లేకుండా మా నాన్న ఎట్టా అవుతాడే?" అంది.

పదకొండో రోజున పేట వెళ్ళి స్టూడియోలో రీలు వేయించుకొచ్చింది. ముప్పై ఆరు ఫోటోలు. ఎండాకాలం మొత్తానికి అవే. ఒక ఫోటో తీసి పక్కనున్న చక్రాన్ని బొటనవేలితో తిప్పితేగానీ రెండోది తీయడానికి వీలు కాదు. తిప్పగానే పైనున్న చిన్న కిటికీలో అంకె మారేది. ఒక్కో ఫోటోకి ఒక పూటంతా ఆలోచించేది. రూళ్ళ పుస్తకం ఒకటి పెట్టుకుని, ఎన్నో నంబరు ఎవరిదో, ఎక్కడ తీసిందో రాసుకునేది. ఆ పుస్తకం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

పిన్ని ఎప్పుడూ ఎవరినీ నవ్వమని అడగలేదు. కెమెరా కంటికి పెట్టుకుని, చాలాసేపు ఊరుకుని, ఉన్నట్టుండి ఏదో ఒక మాట అనేది. తాతయ్యతో, "నాన్నా, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టావు చూసుకో" అంది. ఆయన వంగి చూసుకుని, సరిగ్గానే ఉన్నాయని తల ఎత్తేసరికి నొక్కింది. ఆ ఫోటోలో తాతయ్య తిట్టబోతున్నాడు. తాలుకాయలు, అదే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, ఏరుతున్న ఆడకూలీలతో, "మీలో ఎవరి మొగుడు బాగా వండుతాడు?" అంది. ఆ ఫోటోలో నలుగురు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు, ఒకామె మాత్రం నేరుగా చూస్తోంది. బహుశా వాళ్ళాయన నిజంగానే వండేవాడేమో.

మధ్యాహ్నాలు ఎండకి బయటికి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. వసారాలో తడిపిన గోనెపట్టా కట్టి, దాని కింద కూర్చుని ఏదో ఒకటి చేసేది. పాపని బడికి పంపే నాటికని ఎరుపూ తెలుపూ వైరుతో బుట్ట అల్లింది. పాప ఇంకా సరిగ్గా మాటలు పలకని రోజులవి. ఏరగా మిగిలిన పత్తితో మాకు బొమ్మలు కుట్టింది. పత్తిలో గింజలు తీయలేదు, "కడుపు నిండా తిన్న బొమ్మలే ఇవి, గట్టిగా ఉంటాయి" అంది. తర్వాత బొంత మొదలుపెట్టింది, పుట్టబోయే బిడ్డకి. ఇంట్లో అందరి బట్టల్లోనూ తలా ఒక ముక్క. తాతయ్య పంచె, అమ్మమ్మ మంగళగిరి చీర అంచు, బాబాయి లుంగీ, పాప గౌను, పొట్టిదైపోయిన నా పరికిణీ. నన్ను దారం ఎక్కించడానికి కూర్చోబెట్టుకునేది. ముక్కలన్నీ పరిచి చూస్తే పిన్నిది లేదు.

"నీ చీరది వెయ్యవా పిన్నీ?"

"నాదెందుకే, నేను పక్కనే ఉంటాగా" అంది, దారం పంటితో తెంపుతూ.

ఆ మాట ఆ రోజు నాకు మామూలుగానే వినబడింది. 

ఇక అమ్మమ్మ సంగతి చెప్పాలి. అమ్మమ్మ చెడ్డది కాదు. భయస్తురాలు. పిన్నికి పాప కంటే ముందు ఒక కాన్పు పోయింది. అప్పుడు శ్రీమంతానికి పేట నుంచి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించి, గాజులతో, పూలజడతో పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించారట. నెల తిరక్కముందే బిడ్డ కడుపులోనే పోయింది. అమ్మమ్మ ఆ ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టేసింది. పాప కడుపులో ఉన్నప్పుడు ఫోటో మాటే ఎత్తనివ్వలేదు. పాప బంగారంలా పుట్టింది. దిగితే పోయింది, దిగకపోతే దక్కింది. అమ్మమ్మకి ఇంకేం రుజువు కావాలి. పిన్ని చేతిలో కెమెరా చూసినప్పటి నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. "నువ్వు ఊరందరికీ తీసుకో, నాకేం. నువ్వు మాత్రం దాని ముందుకి రామాక" అని రోజూ చెప్పేది. పిన్ని "అట్టాగేలే" అనేది.

కానీ పిన్నికి ఒకటి కావాలి. ఒక్కటే. నాతో చెప్పింది, బొంత కుడుతూనే. "ఇంకొకళ్ళు వచ్చాక దీనికి నా ఒడి సగమే దొరుకుద్ది. మొత్తం దీనిదే అయినప్పటిది ఒకటుండాలే. నువ్వు తీసిపెడతావా ఉషా?" నేను ఎగిరి గంతేశాను. నా చేత్తో నిజం రీలు మీద ఫోటో. ఆ సంబరం ఆపుకోలేకపోయాను. అమ్మమ్మకి చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే అమ్మమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. "నొక్కమాక. నోటితో టక్ మను, నీకు బాగా వచ్చుగా. దానికి చెప్పమాక. నువ్వు నొక్కి, మీ పిన్నికేదన్నా అయితే ఆ పాపం నీదే" అంది. పదేళ్ళ పిల్లతో అనే మాట కాదు. ఆవిడకి వేరే దారి తోచలేదు.

కళ్ళంలో అప్పుడే ఎండ ఏటవాలుగా పడుతోంది. పిన్ని మిరపకాయల పక్కన చాప వేసుకుని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "మా ఇద్దరి మొహాలూ పడితే చాలు, కాళ్ళు పోయినా పర్లేదు" అంది. నా వెనక పది అడుగుల్లో అమ్మమ్మ నిలబడి ఉంది. నేను కెమెరా కంటికి పెట్టుకున్నాను. ఊపిరి బిగబట్టాను. వేలు మీట మీద ఉంది. టక్ మన్నాను, నోటితో.

పిన్ని లేచొచ్చి కెమెరా తీసుకుంది. అలవాటుగా చక్రం మీద బొటనవేలు వేసింది. ఒక క్షణం ఆగింది. నన్ను చూసింది, నా వెనక అమ్మమ్మని చూసింది. "బాగా వచ్చి ఉంటుందే" అని నా తల నిమిరి, కెమెరా సంచిలో పెట్టేసింది.  మోసం పారింది అనుకున్నాను.

ఆ రోజు నుంచి నన్ను "స్టూడియోగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. "స్టూడియోగారూ, అన్నానికి రండి." "స్టూడియోగారికి ఇంకో గరిటె పప్పు వెయ్యమ్మా." మెచ్చుకుంటోందని నేను లోలోపల చచ్చేదాన్ని. ఇంకో రెండుసార్లు కూడా అడిగింది, ఒకసారి వసారాలో, ఒకసారి మేడ మెట్ల మీద. రెండుసార్లూ పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండుసార్లూ నేను నోటితోనే తీశాను. మూడోసారికి అమ్మమ్మ వెనక లేదు. అయినా నొక్కలేదు. అప్పటికి ఆ భయం ఆవిడది కాదు, నాదే.

సెలవులు అయిపోయే ముందు రీలు కడిగించి ఫోటోలు తెచ్చారు. నేను వడ్ల గాదె వెనక దాక్కున్నాను. పిన్ని వెతుక్కుంటూ వచ్చి, నా ఫోటో నా చేతిలో పెట్టింది. పత్తి బొమ్మని ఎత్తుకుని నేను దేనికో అలిగి ఉన్న ఫోటో. "నీది నువ్వు దాచుకో" అంది. అంతే. మిగతావాటి గురించి ఒక్క మాట అడగలేదు. మరిచిపోయిందనుకున్నాను. పిల్లలకి పెద్దవాళ్ళ గురించి తెలిసేది అంతే.

శ్రావణమాసంలో పిన్ని పోయింది. కాన్పులో నెత్తురు ఆగలేదన్నారు. బిడ్డ కూడా దక్కలేదు. నేను గుంటూరులో బడిలో ఉన్నాను, నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్ళేసరికి వసారాలో గోనెపట్టా ఇంకా అలాగే కట్టి ఉంది. పాప ఆ బొంత మీద నిద్రపోతోంది, అందరి ముక్కలూ ఉండి వాళ్ళమ్మ ముక్క లేని బొంత మీద.

పెద్దకర్మ నాటికి గోడకి పెట్టడానికి ఫోటో కావాలన్నారు. ముప్పై ఆరు ఫోటోల్లో ఊరంతా ఉంది, పిన్ని లేదు. చివరికి పెళ్ళి ఫోటో తీసుకెళ్తే స్టూడియో అతను బాసికం చెరిపి, పెదాలకి రంగు వేసి పెద్దది చేసిచ్చాడు. అది ఎవరి మొహమో నాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని చూసే పాప పెరిగింది. మా అమ్మ ఆ రోజు ఏడుస్తూ, "ఒక్కటి తియ్యనిచ్చి ఉంటే ఏమయ్యేదమ్మా" అంది. అమ్మమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇంకెక్కడా చూడకూడదు. ఈసారి ఫోటో దిగలేదు కదా, అయినా ఎందుకు పోయింది అని అడగడానికి ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరు. నాకూ ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ పోయేదాకా మేమిద్దరం ఆ మాట ఎత్తుకోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ ఆడపిల్ల కడుపుతో వచ్చినా అమ్మమ్మ ముందుగా అనే మాట ఒకటే. "ఎవరన్నా దీనికి ఫోటో తియ్యండయ్యా."

ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి చిన్నదాన్నని ఒక సాకు ఉండేది, పెద్దయ్యాక అదీ పోయింది. పాప ఎండాకాలాలకి వచ్చినప్పుడల్లా చెబుదామనుకునేదాన్ని. తల దువ్వేదాన్ని, తినిపించేదాన్ని, సినిమాకి తీసుకెళ్ళేదాన్ని, అది మాత్రం చెప్పేదాన్ని కాదు.

పోయిన నెల చెప్పాను. పాప అలా అడిగాక ఇంకా దాచితే మనిషినే కాదనిపించింది. కుళాయి దగ్గర మణికట్టు దగ్గర్నుంచి గాదె దాకా అంతా చెప్పాను. "మీ అమ్మ అడిగింది ఒక్కటే పాపా. అది నా చేతిలో పని. నేను చెయ్యలేదు" అన్నాను.   పాప లేచి తన సంచిలోంచి ఒక రూళ్ళ పుస్తకం తీసింది. అట్ట ఊడిపోయింది, అంచులు సున్నం పట్టినట్టు తెల్లబడ్డాయి.

"నాన్న ఇనప్పెట్టెలో దొరికిందక్కా, కెమెరాతో పాటు. నంబర్లన్నీ మీ ఆల్బంలో ఫోటోలతో సరిపోతాయేమో చూద్దామనే వచ్చాను. మధ్యలో మూడింటికి నంబర్లు లేవు. నాకు అర్థం కాలేదు. ఇప్పుడయింది."

పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. పిన్ని అక్షరాలు గుండ్రంగా, ఒక దాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పంతొమ్మిది, ఆడవాళ్ళు, తాలు ఏరుతూ. ఇరవై, అమ్మ, నిద్రలో, తెలిస్తే చంపుద్ది. దాని కింద నంబరు లేకుండా ఒక వరస ఉంది.

నేనూ పాపా, కళ్ళంలో. ఉష నోటితో తీసింది.

తర్వాత ఇరవై ఒకటి. మళ్ళీ కొన్ని నంబర్ల తర్వాత, నేనూ పాపా, వసారాలో, ఉష నోటితోనే. చివరి పేజీలో మూడోది.

నేనూ పాపా, మెట్ల మీద. అమ్మ భయం అమ్మది, పిల్లనేం అంటాం. ఉష దగ్గర మూడున్నాయి. పాప అడిగినప్పుడు చూపించాల్సింది ఉషే.

చక్రం. నొక్కని కెమెరాకి చక్రం తిరగదు. ఆ సంగతి మొదటి రోజే ఆవిడ బొటనవేలికి తెలిసింది. తెలిసే ఇంకో రెండుసార్లు ముస్తాబై, పిల్లకి తల దువ్వి, నా ముందు కూర్చుంది. నేను ఇరవై మూడేళ్ళు దాచిన దొంగతనాన్ని ఆవిడ ఆ రోజే రాసి పెట్టుకుంది. నేను ఏడ్చాను. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ, పాప ఏడో నెల మనిషని కూడా చూడకుండా దాని భుజం మీద పడి ఏడ్చాను.

అది నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"చూపించక్కా" అంది.

కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది, నేనే అటు వెళ్ళలేదు.

"మిరపకాయలు కుడివైపు. వాటి మీద ఎండ. మీ అమ్మ చిలకపచ్చ చీర కట్టుకుంది, వాయిలు చీర, భుజం దగ్గర కొంచెం మాసిక వేసి ఉంది. జడ ముందుకేసుకుంది, నువ్వు దాని కొస పట్టుకుని నోట్లో పెట్టుకున్నావు. నీకు ఎర్ర చుక్కల గౌను. ఒక కాలికి పట్టీ ఉంది, రెండోది లేదు. మీ అమ్మ గడ్డం నీ నెత్తి మీద ఆనించింది. ఎడం చెయ్యి నీ పొట్ట చుట్టూ. చేతికి మట్టి గాజులు, నాలుగు. చూపుడు వేలికి సూది గుచ్చుకుని గుడ్డ కట్టుకుంది. మొహం మీద చెమట. ముక్కు పక్కన పుట్టుమచ్చ, నీదే, అక్కడే."

"ఎటు చూస్తోంది, కెమెరా వైపేనా?"

చూశాను. పదేళ్ళప్పుడు కెమెరా కంటికి పెట్టుకుని చూసి కూడా చూడనిది.

"కాదు పాపా. నా వేలి వైపు చూస్తోంది."

పాప పీట ముందుకి జరుపుకుంది.

"నవ్వుతోందా?"

"నవ్వుతోంది" అన్నాను.